విజయనగరం నుంచి శ్రీ విజయపురానికి: ప్యాకేజీయా, మన బండేనా?

ప్రశ్న: మాది విజయనగరం. సంక్రాంతి వెళ్ళాక అండమాన్ చూసి రావాలని చాలా ఏళ్ళ కోరిక. కనుమనాడు కాకి కూడా కదలదని మా అత్తగారు పట్టుబట్టడంతో ముక్కనుమ మర్నాడు బయలుదేరుతున్నాం. అయిదు రాత్రులు, ఆరు రోజులు. నేను, మావారు, తొమ్మిది చదివే బాబు, నాలుగు చదివే పాప, 66 ఏళ్ళ అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా బోటంటే భయం. ఇక్కడి ఏజెంటు ఒకాయన హోటళ్ళు, బోట్లు, వ్యాను, గైడు అన్నీ కలిపి ప్యాకేజీ చెప్పారు. మావారేమో "గొర్రెల మందలా తిరగడానికి అంత దూరం ఎందుకు, అక్కడ కారో స్కూటీయో అద్దెకు తీసుకుని మనమే తిరుగుదాం" అంటున్నారు. అరకు, లంబసింగి అన్నీ ఆయనే నడిపి తీసుకెళ్ళారు. బాబు కూడా ఒక స్కూటీ తనే నడుపుతానని సంబరపడుతున్నాడు. నాకు తెలియని చోట బండి అంటే టెన్షన్. ప్యాకేజీ అంటే ఆయన అలుగుతారు, సరే అంటే నాకు నిద్ర పట్టదు. ఏం చెయ్యమంటారు?
ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

అమ్మా, అలకల సంగతి తర్వాత చూద్దాం, ముందు మనుషుల్ని లెక్కపెట్టండి. మీరు అయిదుగురు. స్కూటీ మీద ఇద్దరికి మించి ఎక్కకూడదు. రెండు స్కూటీలు తీసుకుంటే నలుగురు. మిగిలేది మీ అత్తగారు, లేదా ఆవిడతో కూర్చోవడానికి మీరు. రెండో స్కూటీ ఎవరు నడుపుతారన్న ప్రశ్న కూడా ఉంది. మీకు టూవీలర్ లైసెన్సు ఉంటే సరే. మీ బాబుకి ఆ ముచ్చట ఇప్పుడే మానిపించండి. మన దగ్గర పండగలకి పిల్లలు అమ్మమ్మగారింటికి బండి వేసుకుని పోవడం, పెద్దవాళ్ళు మురిసిపోవడం మామూలైపోయింది గానీ, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపితే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. సెలవులకి వెళ్ళి పరాయి ఊళ్ళో పోలీసు స్టేషన్లో కూర్చోవడం ఎందుకు? పాపకి కూడా హెల్మెట్ తప్పనిసరి, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ చట్టం అదే. అద్దె దుకాణాల్లో పిల్లల సైజు హెల్మెట్ ఉంటుందని నమ్ముకోకండి, ఇంటి నుంచి తీసుకెళ్ళండి.

నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి శ్రీకాకుళం నుంచి ప్యాకేజీలో, రెండోసారి సొంతంగా. రెండుసార్లూ దెబ్బ తిన్నాను, అందుకే మీ ఇద్దరి బాధా నాకు అర్థమైంది.

మొదటిసారి ఒకే వ్యానులో పద్దెనిమిది మందిమి. నీల్ దీవిలో రాతి వంతెన ఒకటుంది, సముద్రం తొలిచి కమానులా మిగిల్చిన పగడపు రాయి. అక్కడికి నడిచి వెళ్ళాలంటే నీళ్ళు వెనక్కి తీసిన వేళ చూసుకోవాలి. మా వాళ్ళు మమ్మల్ని సరిగ్గా పోటు మీద తీసుకెళ్ళి దింపారు, నలభై నిమిషాలు టైము ఇచ్చారు. రాళ్ళన్నీ నీళ్ళ కింద. గైడు మాత్రం "అదిగో సార్, ఆ చివర ఉంటుంది" అని చేత్తో చూపించి, మమ్మల్ని కొబ్బరిబొండాల దగ్గర నిలబెట్టి ఫోన్ మాట్లాడుకున్నాడు. సముద్రం ఎప్పుడు వెనక్కి తీస్తుందో మన భావనపాడు, కళింగపట్నం మత్స్యకారుల పిల్లలు కూడా చెప్తారు. డబ్బు తీసుకున్న గైడుకి మాత్రం వ్యాను షెడ్యూలే పంచాంగం. అంటే మీవారి మాటలో నిజం లేకపోలేదు.

రెండోసారి పౌరుషంగా స్కూటీ తీసుకున్నాను, రోజుకు అయిదొందలు. హేవ్‌లాక్ దీవిలో ఒక మలుపు దగ్గర రోడ్డు మీద ఇసుక పడి ఉంది, జారాను. మోకాలు గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. అసలు గొడవ బండి తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చింది. వెనక బంపరు మీద పాత గీత ఒకటుంది, అదీ నేనే చేశానని డిపాజిట్లో కోత పెట్టారు. తీసుకునేటప్పుడు బండి చుట్టూ తిరిగి ఒక నిమిషం వీడియో తీసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. అంటే మీ టెన్షన్‌లోనూ నిజముంది.

ఇప్పుడు అసలు విషయం. అండమాన్ వెళ్తున్నామంటాం గానీ, మీరు చూడబోయేది ఒక ఊరు, రెండు చిన్న దీవులు. ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాన్ని శ్రీ విజయపురం అని మార్చారు, మీ ఊరికి చుట్టంలా లేదూ? హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్, నీల్‌కి షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబరులోనే పేర్లు పెట్టారు. అక్కడి జనం నోట పాత పేర్లే నలుగుతున్నాయి, టికెట్ల మీద మాత్రం కొత్తవి కనిపిస్తాయి. గాబరా పడకండి. ఒక దీవిలో అద్దెకు తీసుకున్న బండి ఆ దీవిలోనే ఇచ్చేయాలి, మీతో పాటు ఫెర్రీ ఎక్కదు. కాబట్టి "ట్రిప్పంతా మన బండే" అన్న మాటే అక్కడ చెల్లదు. ఎక్కడికక్కడ కొత్తగా నిర్ణయించుకోవాలి. నేను ఎక్కడ ఏం చేస్తానో చెప్తాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ప్యాకేజీ వ్యానూ వద్దు, సొంత డ్రైవింగూ వద్దు. డ్రైవరుతో సహా కారు రోజంతా మాట్లాడుకోండి. మీరిద్దరూ ఈ దారి సంగతే ఎత్తలేదు. ఊరు గుట్టల మీద కట్టింది, రోడ్లు ఎత్తుపల్లాలు, ఇరుకు మలుపులు, పార్కింగు కష్టం. మీవారు అరకు ఘాట్ ఎక్కించినవారే, నడపలేరని నేననను. కానీ అరకు వెళ్ళొచ్చాక ఆయన్ని లోయ ఎలా ఉందో అడిగారా ఎప్పుడైనా? నడిపేవాడికి ముందు లారీ వెనక రాతలు తప్ప ఏమీ కనపడవు. ఆయనకీ ఇది సెలవే కదా.

ఇంకో లాభం కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. వాళ్ళలో చాలామంది మన శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. నాకు దొరికిన డ్రైవరు వాళ్ళ తాతది సోంపేట వైపు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే విని, "ఏటి బాబూ, మనది ఏ ఊరు?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నాకు గైడు అవసరమే రాలేదు. మీ అత్తగారికి ఇలాంటివాడు దొరికితే ఆవిడ బోటు భయం సగం తగ్గుతుంది. హోటల్లో అడిగేటప్పుడే తెలుగు వచ్చిన డ్రైవరు కావాలని చెప్పండి.

ఆ కారులో మొదటి రోజు సెల్యులర్ జైలు చూడండి, సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది. 1906లో పూర్తయిన కట్టడం అది, నక్షత్రంలా ఏడు వరసలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. మీ అత్తగారికి పై అంతస్తుల మెట్లు కష్టం, కింద చెట్టు నీడన కూర్చోబెట్టండి. గైడుకి డబ్బివ్వాల్సిన చోటు ఏదైనా ఉందంటే ఇదే. గది ముందు నిలబడి ఒక మనిషి చెప్తే మీ బాబు తలెత్తి వింటాడు, బోర్డు చదవమంటే చదవడు.

పొద్దు సంగతి గుర్తుంచుకోండి. గడియారం మనదే గానీ సూర్యుడు మన కంటే ముందుంటాడు. జనవరి మధ్యలో మీ ఊళ్ళో అయిదూ నలభైకి పొద్దుకూకితే అక్కడ అయిదుంపావుకే దిగిపోతుంది. ఉదయం అయిదూ నలభైకల్లా తెల్లవారిపోతుంది. మన అలవాటు ప్రకారం తొమ్మిదింటికి టిఫిను తిని, పదిన్నరకి బయలుదేరి, మధ్యాహ్నం ఓ కునుకు తీశారంటే రోజు అయిపోయినట్టే. సొంతంగా తిరిగేవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్యాకేజీ వాళ్ళు చేసే పెద్ద ఉపకారం ఏమిటంటే పొద్దున్నే తలుపు కొట్టి లేపడం!

బారటాంగ్ దీవి విషయానికి వస్తే, ఏజెంటు ఇచ్చిన కాగితంలో అది కచ్చితంగా ఉండే ఉంటుంది. సున్నపురాతి గుహలు, బురద కక్కే గుంటలు, మడ అడవుల మధ్య బోటు ప్రయాణం. అక్కడికి మీవారు నడుపుకుంటూ వెళ్దామనుకుంటే ఆ ఆశ వదులుకోవాలి. దారి జారవా ఆదివాసుల రక్షిత అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆపి, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా పంపుతారు. అద్దె స్కూటీలను రానివ్వరు. మధ్యలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఎవరికీ తినడానికి ఏమీ ఇవ్వకూడదు. తొలి కాన్వాయ్ అందాలంటే హోటల్లో తెల్లవారుజామున మూడు, మూడున్నరకే బయలుదేరాలి. అవతల వాహనాల ఫెర్రీ, తర్వాత స్పీడు బోటు, ఆపైన గుహల దాకా ఎగుడుదిగుడు దారిలో నడక. వెళ్ళి తీరాలంటే ఈ ఒక్కదానికి టూరు ఆపరేటరే సరైనవాడు, అనుమతుల కాగితాలు వాళ్ళే చూసుకుంటారు. నన్నడిగితే మాత్రం మానేయమంటాను. మీ అత్తగారి మోకాళ్ళు ఒక కారణం. రెండోది నా సొంత అభిప్రాయం: నేను ఒకసారి ఆ దారిలో వెళ్ళాను. అద్దాలకి ముఖాలు ఆనించి అడవిలోకి తొంగిచూస్తున్న జనంలో నేనూ ఒకణ్ణి. ఎవరిదో వాకిట్లోంచి వాళ్ళకి చెప్పకుండా నడిచినట్టనిపించింది. రెండోసారి వెళ్ళలేదు. బారటాంగ్ తీసేస్తే మీకు ఒక రోజంతా మిగులుతుంది కూడా.

హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండు గంటలు. ఫెర్రీ టికెట్లు ఏజెంటు చేత తీయించండి. ఇందులో మొహమాటం వద్దు, కమీషన్ తీసుకున్నా తీసుకోనివ్వండి. పండగ రోజుల్లో టికెట్లు ముందే అయిపోతాయి, పైగా గాలి గట్టిగా ఉంటే ఫెర్రీలు రద్దవుతాయి. అలాంటప్పుడు జెట్టీ దగ్గర పిల్లలతో, పెద్దావిడతో, అయిదు సూట్‌కేసులతో నిలబడి కొత్త టికెట్ల కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఏజెంటుకి ఇచ్చే డబ్బు ఆ ఒక్క రోజు కోసమే. ఇదే కారణానికి ఆఖరి రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేట్టు చూసుకోండి. హేవ్‌లాక్ నుంచి పొద్దున ఫెర్రీ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కుదామని ఎవరు ప్లాన్ వేసిచ్చినా ఒప్పుకోకండి.

బోటు భయం గురించి: మీ అత్తగారికి ఫెర్రీలో మధ్యలో, కింది అంతస్తులో సీటు అడగండి, ఊపు తక్కువ. ఖాళీ కడుపుతో ఎక్కించకండి, నూనె ఓడే పూరీలు పెట్టి కూడా ఎక్కించకండి. వాంతుల మాత్ర మీ డాక్టరుని అడిగి ఇక్కడే తీసుకుని, బయలుదేరే ముందే వేయించండి. చాలా ప్రైవేటు ఫెర్రీల్లో అద్దాల ఏసీ హాల్లో కూర్చోవాల్సిందే. విశాఖ నుంచి ఓడలో పోదామని మీవారు ఏదో ఒక రాత్రి అంటారు, నాకు తెలుసు. నెలకో ఓడ కూడా కష్టమే, సుమారు 56 గంటల ప్రయాణం. ఆరు రోజుల సెలవుకి అది సరిపడదు.

హేవ్‌లాక్‌లో అద్దెకి ఎక్కువగా దొరికేవి స్కూటీలే, కార్లంటే డ్రైవరుతోనే. రాధానగర్ బీచ్ జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు. అక్కడ పొద్దుగూకడం చూడాలని దీవిలో ఉన్న జనమంతా ఒకే చోటికి చేరతారు, చీకటి పడగానే ఒకేసారి తిరుగుముఖం పడతారు. అడవి మధ్య మలుపుల దారి, చాలా చోట్ల లైట్లుండవు. నేను జారింది కూడా ఆ దారిలోనే. ఆ సాయంత్రానికి అందరూ కలిసి టాక్సీ చేసుకుని వెళ్ళండి, డ్రైవరుని ఆగమనండి. ఎలిఫెంట్ బీచ్‌కి రోడ్డే లేదు, జెట్టీ నుంచి బోటు ఎక్కాలి, లేకపోతే అడవి దారిన నడవాలి. కాబట్టి అక్కడా మీ బండికి పని లేదు. పిల్లల్ని తీసుకుని మీవారు వెళ్తారు, నీళ్ళలో దిగి పగడాలు చూస్తారు. మీరు, అత్తగారు ఆ పూట హోటల్లో కాళ్ళు చాపుకోండి, మీకూ కాస్త ఊపిరి ఆడుతుంది.

మరి స్కూటీ ఎప్పుడు? నీల్‌లో. చిన్న దీవి, ఏ చివరి నుంచి ఏ చివరికైనా కొద్ది కిలోమీటర్లే, చుట్టూ అరటి తోటలు, కూరగాయల మళ్ళు. మన గరివిడి, నెల్లిమర్ల వైపు పల్లెదారిలా ఉంటుంది. బండ్ల రద్దీ ఉండదు, తప్పిపోదామన్నా తప్పిపోలేరు. ఆ రోజు మీవారి చేతికి తాళం ఇచ్చేయండి. తెల్లవారుజామున, పిల్లలు నాయనమ్మ పక్కన పడుకుని ఉండగా, మీరిద్దరే బయలుదేరి సీతాపూర్ బీచ్‌కి వెళ్ళండి, అక్కడ సూర్యోదయం బాగుంటుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆయన వెనక మీరొక్కరే కూర్చుని బండి మీద వెళ్ళడం ఎలా ఉంటుందో గుర్తొస్తుంది. తర్వాత మీవారు, బాబు ఒక స్కూటీ, మిగతావాళ్ళు ఆటో. తనే నడపాలని బాబు మారాం చేస్తే కాసేపు సైకిలు అద్దెకు ఇప్పించండి, వాడికి అదే బాగుంటుంది. ఆ రాతి వంతెన దగ్గరకి మాత్రం నీళ్ళు వెనక్కి తీసే వేళ ముందురోజే హోటల్లో అడిగి, దాన్ని బట్టి వెళ్ళండి. తడి రాళ్ళ మీద జారుతుంది, అత్తగారిని దించకండి.

బండి తీసుకునేటప్పుడు నంబరు ప్లేటు చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకిచ్చే అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి ఎవరైనా చవగ్గా ఇస్తానంటే వద్దనండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు పలకకపోవచ్చు. మీవారి లైసెన్సు మీద టూవీలర్ కూడా ఉందో లేదో ఇవాళే చూడమనండి. కారు లైసెన్సు ఒక్కటే ఉండి, ఇరవై ఏళ్ళుగా బైకు నడుపుతున్న పెద్దమనుషులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఒరిజినల్ ఆధార్ దుకాణంలో వదిలి రావద్దు. మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు 2020లో వేశాక సిగ్నలు బాగుపడింది గానీ బీచ్‌ల దగ్గర ఇప్పటికీ నమ్మలేం. మొసళ్ళ గురించి హెచ్చరిక బోర్డున్న చోట ఆ బోర్డు మాట వినండి, బాబు ఎంత మారాం చేసినా. పాప గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకుంటుంది, విమానాశ్రయంలో తీయించేస్తారు, ఏడుస్తుంది. ముందే చెప్పి ఉంచండి.

ఇక ఏజెంటుతో ఏం మాట్లాడాలి అంటారా? మొత్తం ప్యాకేజీ వద్దని, హోటళ్ళు, ఫెర్రీ టికెట్లు, విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళే బండి వరకు ధర విడిగా చెప్పమనండి. ఇవ్వనంటే వేరే ఏజెంటుని చూసుకోండి. ఫెర్రీ ప్రైవేటుదా, ప్రభుత్వ బోటా, రద్దయితే ఎవరు చూస్తారు, డబ్బు వెనక్కి వస్తుందా అన్నవి కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా "అన్నీ మేమే చూసుకుంటామమ్మా" అంటే నమ్మొద్దు. నాకూ అలాగే అన్నారు, ఆ రోజు రాతి వంతెన దగ్గర నేను కొబ్బరిబొండాం తాగుతూ నిలబడ్డాను.

మీవారికి చెప్పేటప్పుడు "ప్యాకేజీ తీసుకుందాం" అని మొదలుపెట్టకండి. "నీల్‌లో ఒక రోజంతా బండి మీదే, అక్కడ నేను మీ వెనక కూర్చుంటాను" అని మొదలుపెట్టండి. మిగతా అయిదు రోజుల సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.